అమెరికాను చదివిన అంబేద్కర్

(ఓడలరేవు నుంచి ఒక బి.ఎస్సీ. విద్యార్థి)

అమెరికాలో నాలుగేళ్ళకోసారి అధ్యక్ష ఎన్నికలు జరుగుతాయి. ఓట్లు వాళ్ళవి, హడావుడి మనది. 2024 నవంబరులో అక్కడ లెక్కింపు జరుగుతుంటే, ఇక్కడ గోదావరి జిల్లాల్లో టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఏ రాష్ట్రం ఎవరికి పోయిందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. ఉపాధ్యక్షుడుగా గెలిచిన వాన్స్ గారి భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు అని తెలిసి అల్లుడు మనవాడేనని మురిసిపోయినవాళ్ళూ ఉన్నారు.

దీన్ని వట్టి సరదా అని కొట్టిపారెయ్యడానికి లేదు. అన్నగారికో అక్కగారికో అమెరికా వీసా రావాలి. వచ్చినవాళ్ళకి గ్రీన్ కార్డు రావాలి. అంతకంటే దగ్గరి కారణం మా చెరువుగట్టు మీదే ఉంది. మా ఓడలరేవు వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట ఉంది. పక్కనున్న బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవారి వర్తకస్థానం ఉండేది. విదేశీ వర్తకం మాకు కొత్త కాదు. ఇప్పుడు ఓడల బదులు రొయ్యలు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, వాషింగ్టన్‌లో ఒకాయన చేసిన సంతకం కోనసీమ రైతు రొయ్యల కౌంటు ధరను ఎలా పడగొట్టగలదో మాలాంటి రైతు కుటుంబాలవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది.

మనం అమెరికా రాజకీయాన్ని గమనించేది ఇందుకే. మన ధర, మన వీసా. తప్పని అనను. కాని ఇదే పనిని నలభై ఏళ్ళపాటు, ఎక్కువ కాలం సముద్రానికి ఇవతలి ఒడ్డున ఉండే, మరో కారణంతో చేసిన మహనీయుడు ఒకరున్నారు. ఆయన పేరు ఇప్పుడు మా జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు మార్చబోతున్నారన్న దానిమీద మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాయి, ఇళ్ళు తగలబడ్డాయి. ఆ ఏడాదే ఆ పేరు ఖాయమైంది. పేరు కోసమూ, పేరుకు వ్యతిరేకంగానూ అరిచిన గొంతుకలు చాలానే ఉన్నాయి. ఆ పేరుగల మనిషి ఏం చదివాడు, ఏం గమనించాడు అన్నది మాత్రం ఎవరూ అంతగా మాట్లాడుకోలేదు. మహద్ చెరువు, పూనా ఒడంబడిక, రాజ్యాంగం అందరికీ తెలిసినవే. వాటి వెనక అమెరికా ఎలా ఉందో ఈ నాలుగు పేజీల్లో చెప్పాలని నా ప్రయత్నం.

మోహో నుంచి న్యూయార్క్‌కి

భీమరావు 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మోహో సైనిక స్థావరంలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లి భీమాబాయి. పద్నాలుగో సంతానం. మహర్ కులం కనుక సతారా బడిలో కూర్చోవడానికి ఇంటి దగ్గరనుంచి గోనెపట్టా తెచ్చుకోవాలి. దాహం వేస్తే బడి బంట్రోతు పైనుంచి నీళ్ళు పొయ్యాలి. ఆ బంట్రోతు రాని రోజున నీళ్ళు లేవు. ఈ సంగతి మనం చిన్నప్పటి పాఠంలో చదివి పరీక్ష రాసి మరిచిపోయాం. ఆయన మరిచిపోలేదు.

1907లో మెట్రిక్యులేషన్, 1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. పూర్తిచేశారు. 1913 ఫిబ్రవరిలో తండ్రి పోయారు. ఆ ఏడాదే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళ విద్యార్థి వేతనం ఇచ్చారు. తిరిగొచ్చాక పదేళ్ళు బరోడా సంస్థానంలో కొలువు చెయ్యాలన్నది షరతు. 1913 జూలైలో, ఇరవై రెండేళ్ళ వయసులో, న్యూయార్క్‌లో దిగి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు.

అక్కడ ఆయనకు దొరికిన గురువులు సామాన్యులు కారు. అర్థశాస్త్రానికి సెలిగ్మన్. ఆదాయపు పన్ను మీద ఆయన పుస్తకం ఆ రోజుల్లో ప్రామాణికం. అమెరికాలో ఆదాయపు పన్నుకు వీలు కల్పించిన రాజ్యాంగ సవరణ కూడా 1913లోనే వచ్చింది. అంటే తరగతి గదిలో గురువు చెప్పినది బయట చట్టమవుతుంటే శిష్యుడు కళ్ళారా చూశాడన్నమాట. తత్వశాస్త్రానికి జాన్ డ్యూయీ. ప్రజాస్వామ్యమంటే ఓట్ల లెక్క మాత్రమే కాదు, మనుషులు కలిసి బతికే తీరు అన్న ఆలోచన అంబేద్కర్‌కు అబ్బింది ఈయన దగ్గరే. చరిత్రకు షాట్‌వెల్, రాబిన్సన్. మానవశాస్త్రానికి గోల్డెన్‌వైజర్. ఈయన సెమినార్‌లోనే 1916 మే నెలలో భారతదేశంలో కులాల పుట్టుక గురించిన ప్రసిద్ధ వ్యాసం చదివారు.

లాలా లజపతిరాయ్ అప్పుడు న్యూయార్క్‌లో ఉన్నారు. పరిచయమైంది, ఉద్యమంలోకి రమ్మన్న పిలుపూ వచ్చింది. చదువు ముగిసేదాకా అటు వెళ్ళకూడదని యువకుడి నిర్ణయం. లివింగ్‌స్టన్ హాలు గదిలో చదువు, గ్రంథాలయంలో చదువు, పాత పుస్తకాల దుకాణాల్లో బేరం. మూడేళ్ళలో దాదాపు రెండు వేల పుస్తకాలు పోగుచేశారట! నెలకు పదకొండున్నర పౌన్లతో, ఇంటికి కొంత పంపుకుంటూ!

ఆయన చూసిన అమెరికా

ఆయన వెళ్ళినప్పుడు అక్కడ అధ్యక్షుడు వుడ్రో విల్సన్. స్వయంగా ప్రొఫెసరు, ప్రపంచానికి ప్రజాస్వామ్యం గురించి చెప్పినవాడు. ఆయన ప్రభుత్వమే 1913లో తపాలా, ఆర్థిక శాఖల కార్యాలయాల్లో నల్లజాతి ఉద్యోగులను తెల్లవారినుంచి వేరుచేసి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. నల్లవారిని రాక్షసుల్లా చూపించి, వారిని చంపే ముఠాను వీరులుగా చూపించిన ఒక మూకీ చిత్రాన్ని 1915లో అధ్యక్ష భవనంలోనే ప్రదర్శించారు. ఆ ఏడాది నవంబరులో స్త్రీలకు ఓటు ఇవ్వాలా అని న్యూయార్క్ రాష్ట్రంలో మగవాళ్ళను అడిగితే వద్దని ఓటేశారు. రెండేళ్ళ తర్వాత ఆ మగవాళ్ళే సరేనన్నారు.

కొలంబియాకు పక్కనే హార్లెమ్. దక్షిణాది రాష్ట్రాల బాధ పడలేక తరలివచ్చిన నల్లజాతి కుటుంబాలతో ఆ పేట నిండుతున్న రోజులవి. ఆ జాతి మేధావి డుబోయిస్ తన పత్రిక నడిపింది ఆ నగరంనుంచే.

ఇక్కడొకటి గమనించాలి. ఆ నగరంలో యువకుడైన అంబేద్కర్‌ను ఎవరూ అంటరానివాడనలేదు. ఒకే బల్ల మీద తిన్నాడు, ఒకే కుళాయి నీళ్ళు తాగాడు, ఒకే గదిలో నిద్రపోయాడు. పరదేశంలో గడిపిన ఆ ఏళ్ళు తాను అంటరానివాణ్ణన్న సంగతినే తన మనసులోంచి తుడిచేశాయని తరువాత రాసుకున్నారు. అయితే తనకు స్వేచ్ఛనిచ్చిన అదే నేల తన పుత్రులనే పది తరాలుగా తొక్కిపెడుతోందన్నది కూడా కళ్ళెదుటే ఉంది. ఒక దేశాన్ని ప్రేమిస్తూనే దాని తప్పును తప్పని చూడగలగడం తేలిక కాదు. ఆయన అమెరికాను జీవితాంతం ఆ రెండు కళ్ళతోనూ చూశారు.

తిరిగి రాక

1915లో ఎం.ఏ. పట్టా తీసుకొని, 1916లో లండన్ వెళ్ళి చదువు కొనసాగించారు. విద్యార్థి వేతనం గడువు తీరడంతో 1917లో తిరిగొచ్చెయ్యాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలం. ఆయన పుస్తకాలు వస్తున్న ఓడను జర్మన్లు సముద్రంలో ముంచేశారు. మనిషి వేరే ఓడలో క్షేమంగా చేరాడు.

షరతు ప్రకారం బరోడా కొలువుకు వెళ్ళారు. అమెరికాలో చదివొచ్చిన ఈ అధికారికి ఊళ్ళో ఉండటానికి ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో మారుపేరుతో దిగితే, పదకొండో రోజున కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి బయటికి నడవమంది. చెట్టు కింద కూర్చొని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆఫీసులో బంట్రోతులు కాగితాలు దూరంనుంచి విసిరేవారు. న్యూయార్క్‌లో తుడుచుకుపోయిందనుకున్నది సొంతగడ్డ మీద మళ్ళీ అంటుకుంది.

ఈ అనుభవాలను తరువాత ఒక చిన్న పుస్తకంగా రాసి దానికి వీసా కోసం నిరీక్షణ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. వీసా కోసం కాన్సులేటు గుమ్మం ముందు నిలబడే మన తరం ఈ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మనం ఎదురుచూసే వీసా పరదేశానిది. ఆయన ఎదురుచూసింది సొంత దేశంలోకి రావడానికి. ఆ పుస్తకం ఈనాడు కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠంగా చదువుతారు.

1920లో మళ్ళీ లండన్ వెళ్ళి, 1923 నాటికి అక్కడి డి.ఎస్సీ., బారిస్టరు చదువు ముగించారు. కొలంబియాకు ఇచ్చిన పరిశోధన గ్రంథం 1925లో సెలిగ్మన్ ముందుమాటతో అచ్చయింది. 1927లో పిహెచ్.డి. పట్టా చేతికొచ్చింది.

కాగితం మీది హక్కు, చెరువులో నీళ్ళు

ఆ 1927లోనే మహద్ సంఘటన జరిగింది. దీన్ని అమెరికా పక్కన పెట్టి చూడాలి.

అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక మూడు రాజ్యాంగ సవరణలు వచ్చాయి. 1865లో బానిసత్వం రద్దయింది. 1868లో చట్టం ముందు సమాన రక్షణ వచ్చింది. 1870లో జాతి కారణంగా ఓటు నిరాకరించరాదన్నారు. కాగితం మీద అంతా బాగుంది. 1877లో కేంద్ర సైన్యాన్ని దక్షిణాదినుంచి ఉపసంహరించగానే కథ అడ్డం తిరిగింది. ఓటుకు పన్ను పెట్టారు, చదువు పరీక్ష పెట్టారు, రైలు పెట్టెలు వేరు, బళ్ళు వేరు చేశారు. వేరు చేసినా సమానమేనంటూ 1896లో సుప్రీంకోర్టు దానికి ముద్ర వేసింది. హక్కు పుస్తకంలో ఉంది, మనిషి వీధిలో ఉన్నాడు. మధ్యలో ఊరి పెద్దలున్నారు.

మహద్‌లో జరిగిందీ అదే. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులు, బావులు, బడులు అంటరానివారికి తెరవాలని తీర్మానించింది. మహద్ పురపాలక సంఘం కూడా చవదార్ చెరువును తెరుస్తున్నట్టు ఒప్పుకుంది. మూడేళ్ళు గడిచినా ఆ నీళ్ళు తాగే ధైర్యం ఎవరికీ లేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి దోసిలితో ఆ నీళ్ళు తాగారు. తరువాత దెబ్బలూ తగిలాయి, కోర్టు కేసూ నడిచింది. బొంబాయి హైకోర్టులో ఆ కేసు తేలేసరికి 1937 వచ్చింది. గుక్కెడు నీళ్ళకి పదేళ్ళు!

మా సముద్రపు ఒడ్డు ఊళ్ళలో బోరు దింపితే చాలాచోట్ల ఉప్పునీళ్ళే పడతాయి. అందుకని మంచినీళ్ళ చెరువంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చెరువు మీద అధికారం ఎవరిదైతే ఊరు వాళ్ళది.

చట్టం ఒక్కటే చాలదు, ఆ చట్టాన్ని అమలుచేసే అధికారంలో అణగారినవాడికి సొంత వాటా ఉండాలి అన్నదే అంబేద్కర్ పట్టు. రౌండ్ టేబుల్ సమావేశాల్లో 1930 నుంచి 1932 వరకు ఆయన వాదించింది దీనికోసమే. రెండో సమావేశం ముగిశాక 1931 చివర కొద్ది వారాలు అమెరికా వెళ్ళి పాత గురువులను చూసి వచ్చారు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. గాంధీగారు ఎరవాడ జైల్లో నిరాహారదీక్ష పట్టారు. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక కుదిరి, ప్రత్యేక నియోజకవర్గాల బదులు ఉమ్మడి నియోజకవర్గాల్లో 148 రిజర్వు స్థానాలు వచ్చాయి. ఈ రాజీ మంచిదా కాదా అన్న చర్చ ఇంకా తెగలేదు.

లింకన్ మీద ఆయన లెక్క

రెండో ప్రపంచ యుద్ధం నాటికి అంబేద్కర్ వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ సభ్యుడు. అమెరికాలో భారత స్వాతంత్ర్యం పట్ల సానుభూతి పెరుగుతోంది. ఆ సానుభూతిపరులు స్వాతంత్ర్యం వస్తే అంటరానివారి గతేమిటని అడగటం లేదన్నది ఆయన బాధ. 1942 డిసెంబరులో కెనడాలో జరిగిన పసిఫిక్ సంబంధాల సంస్థ సమావేశానికి అందుకే ఒక పత్రం రాసి పంపారు. 1945లో వచ్చిన పెద్ద పుస్తకంలో విదేశీయులకు విన్నపం అంటూ ఒక అధ్యాయమే పెట్టారు. అంటే ఆయన అమెరికాను గమనించి ఊరుకోలేదు. అమెరికా మనల్ని సరిగ్గా గమనించడం లేదని తిరిగి నిలదీశారు కూడా.

ఆ పత్రంలో లింకన్ ప్రస్తావన ఉంది. బానిసల విమోచకుడని ప్రపంచం పూజించే లింకన్‌కి దేశ సమైక్యతే మొదటి లక్ష్యమనీ, బానిసల విడుదల దాని తరువాతిదనీ ఆయన ఎత్తిచూపారు. గాంధీగారికి స్వరాజ్యానికీ అస్పృశ్యులకూ మధ్య ఉన్న సంబంధాన్ని దీనితో పోల్చి, లింకన్ కనీసం సమైక్యత కోసమైనా బానిసలను విడిపించడానికి సిద్ధపడ్డాడని తేడా చూపారు. ఈ పోలిక గాంధీగారికి న్యాయం చేసిందా అని అడిగేవాళ్ళున్నారు. హరిజనోద్ధరణకు ఆయన దేశమంతా తిరిగిన సంగతి కాదనలేం. అయినా ఒకటి నిజం. మహాపురుషుణ్ణి పక్కనపెట్టి, ఆ పనిలో తక్కువ కులంవాడికి దక్కిందెంత అని లెక్క అడగడం అంబేద్కర్ పద్ధతి.

బానిసత్వమూ అస్పృశ్యతా ఏది ఘోరం అని కూడా ఆయన విడిగా రాశారు. బానిసను యజమాని ఆస్తిగానైనా కాపాడుకునేవాడు, చేతిపని నేర్పేవాడు, ముట్టుకునేవాడు. అంటరానివాడికి ఆ మాత్రం కూడా లేదని ఆయన తర్కం. బానిసత్వాన్ని వెనకేసుకు రావడానికి ఈ మాట అనలేదు. సంకెళ్ళు కనబడకపోతే బానిసత్వం లేదనుకునే మన అమాయకత్వాన్ని కదిలించడానికి అన్నారు.

1946లో ఒక చిన్న ఉత్తరం ఉంది. నాకు అన్నిటికంటే నచ్చినది అదే. ఆ ఏడాది అమెరికా నల్లజాతి కాంగ్రెస్ వారు ఐక్యరాజ్యసమితికి ఒక విజ్ఞప్తి ఇచ్చారని అంబేద్కర్ పత్రికల్లో చూశారు. వెంటనే న్యూయార్క్‌లోని డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. తాను నల్లవారి సమస్యను చదువుకున్నవాణ్ణనీ, వారి స్థితికీ మా స్థితికీ చాలా పోలిక ఉందనీ, ఆ విజ్ఞప్తి ప్రతులు రెండు మూడు పంపమనీ దాని సారాంశం. డుబోయిస్ జూలై 31న జవాబిస్తూ, మీ పేరు నాకు తెలుసు, మీవారిపట్ల నాకు సానుభూతి ఉంది, ప్రతులు సంపాదించి పంపుతానన్న అర్థంలో రాశారు. ఇద్దరూ అప్పటికే పండిపోయిన పెద్దవాళ్ళు. ఇంటర్నెట్టు లేదు, టెలివిజన్ లేదు. పత్రిక మూలన వచ్చిన ఒక వార్తను పట్టుకొని, ఎనిమిది వేల మైళ్ళ అవతలినుంచి అసలు కాగితం తెప్పించుకొని చదవాలన్న పట్టుదల చూడండి. చేతిలో ఫోను పెట్టుకుని తలకట్టు మాత్రం చదివి వాదించే మనం దీనినుంచి నేర్చుకోవాల్సింది ఉంది.

తీసుకున్నవి, వదిలేసినవి

1947 మార్చిలో రాజ్యాంగ సభకు ఇచ్చిన రాష్ట్రాలు - మైనారిటీలు అన్న వినతిపత్రంలో, పౌరహక్కులకు భంగం కలిగించినవాడికి శిక్ష ఉండాలని ప్రతిపాదించి, దానికి ఆధారంగా 1866, 1875 సంవత్సరాల అమెరికా చట్టాలను చూపించారు. ఆ 1875 చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1883లోనే కొట్టేసింది. వాళ్ళు పాతిపెట్టిన చట్టాన్ని తవ్వితీసి ఇక్కడ నాటాలని చూశారన్నమాట.

1947 ఆగస్టు 29న ముసాయిదా సంఘం ఏర్పడి ఆయన అధ్యక్షులయ్యారు. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, బందరులో పుట్టిన ఎన్. మాధవరావు ఆ సంఘంలో సభ్యులు. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ చేసిన ప్రసంగంలో అమెరికా ఊసు అడుగడుగునా వస్తుంది. మన రాష్ట్రపతి అమెరికా అధ్యక్షుడి వంటివాడు కాడని వివరించారు. అక్కడ స్థిరత్వం ఎక్కువ, ఇక్కడ బాధ్యత ఎక్కువ, మనం బాధ్యతనే ఎంచుకున్నామన్నారు. అక్కడ దేశానికొక పౌరసత్వం, రాష్ట్రానికొక పౌరసత్వం. ఇక్కడ ఒక్కటే. ప్రాథమిక హక్కులకు మనం హద్దులు పెట్టామని తప్పుపట్టినవారికి, అమెరికాలోనూ హక్కులకు హద్దులున్నాయని 1925 నాటి గిట్లో కేసు తీసి చూపించారు.

14వ అధికరణంలోని చట్టాల సమాన రక్షణ అన్న మాట అమెరికా 14వ సవరణనుంచి వచ్చినదే. కాని అమెరికా చరిత్ర చదివిన మనిషి అక్కడితో ఆగరు గదా! 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా ఉంది. 17వ అధికరణంలో అస్పృశ్యత రద్దయింది, పాటిస్తే నేరమైంది. చవదార్ చెరువు రాజ్యాంగంలోకి ఎక్కింది. అమెరికా సవరణల్లో లేని కాపలా ఇది.

తీసుకోవాలా వద్దా అని ఆయన తేల్చుకోలేకపోయిన విషయమూ ఒకటుంది. మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ భంగం కలిగించే చట్టం న్యాయమైనదా కాదా అని కోర్టులు విచారించాలా? అమెరికాలో విచారిస్తాయి. ఆ అధికారంతోనే అక్కడి సుప్రీంకోర్టు కార్మికులకు కనీస వేతనం వంటి మంచి చట్టాలనూ కొట్టేసింది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు గారు అమెరికా వెళ్ళి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిస్తే, వద్దన్నట్టే ఆయన సలహా. అల్లాడి వారిదీ అదే మాట. 1948 డిసెంబరులో సభలో అంబేద్కర్ రెండు పక్షాల వాదాలూ చెప్పి, రెండింటిలోనూ ప్రమాదం ఉందని ఒప్పుకొని, నిర్ణయాన్ని సభకే వదిలారు. అమెరికా మాట పోయి, చట్టం నిర్దేశించిన పద్ధతి అన్న మాట 21వ అధికరణంలో నిలిచింది. ఆ లోటును కొంతైనా పూడ్చాలని అరెస్టయినవారికి రక్షణలిచ్చే అధికరణాన్ని 1949లో తానే ప్రవేశపెట్టారు. 1978లో మేనకా గాంధీ కేసులో మన సుప్రీంకోర్టు ఆ తలుపును మళ్ళీ బాగా తెరిచింది.

1949 నవంబరు 25 నాటి చివరి ప్రసంగంలో ఆయన చేసిన హెచ్చరిక తెలిసిందే. రాజకీయంలో మనిషికొక ఓటు, సమాజంలో మనిషికొక అంతస్తు. ఈ వైరుధ్యాన్ని తొందరగా తీర్చకపోతే ప్రజాస్వామ్య భవనం కూలిపోతుందన్నది దాని భావం. 1877 తర్వాత అమెరికా దక్షిణాది చరిత్ర చదివినవాడు తప్ప ఆ హెచ్చరికను అంత స్పష్టంగా చెయ్యలేడు. రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి అన్నదీ ఆ ప్రసంగంలోనిదే.

చివరి ప్రయాణం

1951లో హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగకపోవడం తదితర కారణాలతో కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1952 జూన్ 5న కొలంబియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి ఆ విశ్వవిద్యాలయం అధ్యక్ష పదవి ఐసెన్‌హోవర్ పేరిటే ఉంది. ఆయన ఆ ఏడాది దేశాధ్యక్ష పదవికి పోటీలో ఉన్నారు. ఆ ప్రయాణంలో అంబేద్కర్‌కు ఒక ఆశ, డ్యూయీ గారిని చూడాలని. విమానం రోమ్‌లో ఆగినప్పుడు ఆ తొంభై రెండేళ్ళ గురువు కన్నుమూసిన వార్త తెలిసింది. తన బుద్ధి జీవితమంతా ఆయన పెట్టిన భిక్షేనని భార్యకు రాసుకున్నారు. ఆ మరుసటి ఏడు 1953 జనవరిలో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా గౌరవ పట్టా ఇచ్చి తనను తాను గౌరవించుకుంది.

1954 ఆగస్టులో రాజ్యసభలో నెహ్రూగారి విదేశాంగ విధానాన్ని విమర్శిస్తూ, అమెరికా కూటమిని అంత అనుమానంతో చూడనక్కరలేదని వాదించారు. దీనితో ఏకీభవించనివారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించారు. డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు.

సరిగ్గా రెండు వారాలకు, డిసెంబరు 20న, అమెరికాలోని మాంట్‌గోమరీ పట్టణంలో నల్లవారు ఏడాదికి పైగా నడిపిన బస్సుల బహిష్కారం విజయంతో ముగిసింది. ఆ మర్నాటినుంచి వాళ్ళు బస్సులో ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చున్నారు. నలభై ఏళ్ళు ఆ దేశాన్ని చదివినవారు ఆ వార్త చదవకుండానే వెళ్ళిపోయారు.

మన వంతు

ఆయన పోయాక చూపు రెండు వైపులా సాగింది. 1966లో కాలిఫోర్నియాలో పుట్టిన బ్లాక్ పాంథర్స్ పేరు తీసుకొని 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. మన రాష్ట్రంలో 1985 జూలై 17 నాటి కారంచేడు తరువాత దళిత మహాసభ లేచింది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగర పాలక మండలి కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ దేశంలో ఇది చేసిన మొదటి నగరం అదే. ఆ ఏడాదే కాలిఫోర్నియా శాసనసభ అటువంటి బిల్లునే ఆమోదిస్తే అక్టోబరులో గవర్నరు తిప్పికొట్టారు. ఆ బిల్లు కావాలని కొట్లాడినవాళ్ళలోనూ వద్దన్నవాళ్ళలోనూ మన దేశంవాళ్ళున్నారు. ఓడలెక్కి, విమానాలెక్కి మనం అక్కడికి తీసుకెళ్ళిన సామానులో కులం కూడా ఉందని దీనర్థం.

అమెరికాలో రంగును చూసి మనవాణ్ణి ఎవరైనా తూలనాడితే మనకు రక్తం ఉడుకుతుంది. ఉడకాలి. కాని పొలంలో దిగిన కూలీకి గ్లాసు వేరుగా పెట్టిన చోట ఆ రక్తం ఎందుకు చల్లబడుతుంది? పరదేశపు న్యాయం గురించి మాట్లాడేవాడు ఇంటి న్యాయాన్ని అదే తూకంతో తూచాలి. అంబేద్కర్ అమెరికాను గమనించిన తీరులో నాకు కనిపించిన పాఠం ఇది. ఆయన ఆ దేశాన్ని పొగడటానికి చదవలేదు, తిట్టడానికీ చదవలేదు. అక్కడ ఏ మందు పనిచేసింది, ఏది వికటించింది అని తెలుసుకొని మన రోగానికి పనికొస్తుందేమోనని చదివారు. సైన్సు విద్యార్థులకు ఈ పద్ధతి కొత్త కాదు. ఒక ప్రయోగశాలలో జరిగినదాన్ని జాగ్రత్తగా రాసుకొని, మరోచోట మన పరిస్థితులకు సరిచేసి చెయ్యడమే గదా మనం చేసేది.

2024 జనవరిలో విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం వెలిసింది. 2023 అక్టోబరులో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పందొమ్మిది అడుగుల విగ్రహం పెట్టారు. విగ్రహాలు ఉండనివ్వండి, మంచిదే. వ్యక్తిపూజ వద్దన్నవాడికి మనం చెయ్యగల అసలైన మర్యాద ఆయన రాసినవి గ్రంథాలయంలోంచి తీసి చదవడం, ఒప్పుకోనిచోట ఒప్పుకోమని చెప్పడం. మా కోనసీమలో కొబ్బరితోట ఎవరిదైనా, వరిచేను ఎవరిదైనా, జిల్లా చిరునామా ఇప్పుడు అందరికీ ఒక్కటే. ఉద్యోగం దరఖాస్తులోనూ, రేపు వీసా కాగితంలోనూ ఆ పేరు రాస్తాం. రాసేటప్పుడు ఆ పేరుగలవాడు అడిగిన ప్రశ్న ఒక్కసారి గుర్తుకొస్తే చాలు. చట్టంలో రాసుకున్న సమానత్వం మన ఊరి చెరువుదాకా వచ్చిందా, దారిలో ఎక్కడైనా ఆగిపోయిందా?